చీటీ వెనుక రాత

దేవరయాంజాల్,
8 జూన్ 2003, ఆదివారం.

బిడ్డా సుచిత్రా,

ఇక్కడ నేను, మిషన్లు, కోడిపిల్లలు అందరం నడుస్తున్నాం. నీ ఒంట్లో ఎట్లున్నదో ముందు అది రాయి. పూణెలో వానలు మొదలవుతున్నాయని టీవీలో చెప్పారు. గొడుగు పట్టుకొని పో. నీకు మరుపెక్కువ.

ఫోను చేస్తే ఇద్దరం ఏడ్చి పెట్టేస్తున్నాం. ఏ సంగతీ తెగడం లేదు. అందుకే కాయితం పట్టాను. నాది అయిదో తరగతి రాత, నువ్వే సర్దుకొని చదువుకో.

మన హాచరీ ఆఫీసులో పెద్ద కంప్యూటరు మొరాయిస్తున్నది. మన ఎల్లేష్ అయిదేండ్ల కింద పెట్టిందే. ఆఫీసులో ఉన్న ఆరు చిన్న కంప్యూటర్లూ ఏది కావాలన్నా దాన్నే అడగాలి కదా. నిన్న పొద్దున బహదూర్‌పల్లి రైతు వీరయ్య వచ్చాడు. తన కోడిపిల్లలు ఎప్పుడు దిగుతాయో చెప్పమంటే రోజారాణి మీట నొక్కి కూర్చున్నది. తెర మీద గడియారం బొమ్మ తిరుగుతూనే ఉన్నది. వీరయ్య ఛాయ్ తాగాడు. ఇంకో ఛాయ్ తాగాడు.

"ఏంది దుర్గక్కా, మీ కంప్యూటర్ జెప్పేలోపల నా కోడిపిల్లలు గుడ్లు గూడ పెట్టేటట్టున్నయి!" అన్నాడు. అందరం నవ్వాం. పోయేటప్పుడు మాత్రం, "మేడ్చల్ల కొత్త హాచరోల్లు ఫోన్లనే జెప్తున్రు అక్కా" అన్నాడు. దానికి నవ్వు రాలేదు.

కొంపల్లి నుంచి విశ్వతేజను పిలిపించాను. మన కంప్యూటర్లు చూసే గుంటూరు పిల్లగాడు. పెట్టె విప్పి చూశాడు.

"డిస్కులు రెండూ నిండిపోయాయి ఆంటీ. ఒకదాంట్లో రోజువారీ రాతలు, రెండోదాంట్లో మీ అబ్బాయి స్కాన్ చేసి దాచిన మిషన్ల చీటీల బొమ్మలు. కొత్తవి వేయాలండి. జోరుగా తిరిగే డిస్కయితే చోటు తక్కువ, ఖరీదెక్కువ. పద్దెనిమిది జీబీది ఒక్కటే పదివేలు. నిదానంగా తిరిగేదయితే అయిదువేలకే ఎనభై జీబీ వస్తుంది."

"గిదేం బేరమయ్యా, చిన్నదానికి ఎక్కువ, పెద్దదానికి తక్కువనా?" అంటే నవ్వాడు. నాకు అర్థం కాలేదు. నీకు లెక్క పంపుతానన్నాడు. నువ్వు ఆ పనిలోనే ఉన్నావు. నువ్వు చెప్పిందే చేస్తాను.

ఆ చీటీల బొమ్మలు రోజారాణితో తెరిపించుకొని అప్పుడప్పుడు చూస్తాను. చదవడానికి కాదు. ఆ సన్న పెన్సిలు రాత నా కండ్లకు ఆనదు. వాడి చెయ్యి అని చూస్తాను, అంతే.

వాడి కుర్చీలో ఇంకా ఎవరినీ కూర్చోనియ్యలేదు.

నీ అత్తమ్మ
దుర్గాబాయి

*

పూణె,
16 జూన్ 2003.

అత్తమ్మకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గొడుగు కొన్నాను, మొన్న బస్సులో మర్చిపోయాను కూడా.

విశ్వతేజ లెక్క అందింది. చవక డిస్కు వద్దు అత్తమ్మా. ఆరుగురు ఒకేసారి అడిగితే అది ఒకరి తర్వాత ఒకరికి వెతుక్కుంటూ పోతుంది. వీరయ్య బాబాయి మూడో ఛాయ్ కూడా తాగుతాడు. జోరుగా తిరిగేవి రెండు తీసుకుందాం. ఒకదాంట్లో రాసింది అదే క్షణంలో రెండోదాంట్లోనూ పడుతుంది. ఒకటి చెడిపోయినా పని ఆగదు. ఇక్కడ మా ఆఫీసులోనూ ఇట్లాగే చేస్తాం.

కాకపోతే వాటిలో చోటు తక్కువ. చీటీల బొమ్మలు అన్నీ పట్టవు. జోరు డిస్కులు ఇంకో రెండు కొందామంటే ఈ ఏడు మన వల్ల కాదు. రెండేండ్ల లోపు చీటీలు ఉంచి అంతకు ముందువి తీసేద్దాం. వెనుక వైపులు అక్కరలేదన్నాడు విశ్వతేజ, సరే అన్నాను. దాంతోనే సగం చోటు మిగులుతుంది.

వచ్చే నెల పదో తారీఖున వచ్చి బిగిస్తాడు. మీరు వేళకు తినండి.

మీ కోడలు
సుచిత్ర

*

దేవరయాంజాల్,
23 జూన్ 2003.

సుచిత్రా,

ఉత్తరం అందింది. వెనుక వైపులు అక్కరలేదన్నావట. విశ్వతేజ అన్నాడని రాశావు. సరే అన్నది మాత్రం నువ్వే కదా.

వాడి చొక్కాలు పంచిపెట్టిన నాడు నేనేమీ అనలేదు. బండిని ఇనుప సామానుకు ఇచ్చిన నాడూ అనలేదు. చిన్నదానివి, నీ ముందర మస్తు బతుకున్నది, ఎంతకని పట్టుకొని కూర్చుంటావు అనుకున్నాను. ఇప్పుడూ అదే అనుకుంటున్నాను. నీకు అక్కర లేకపోతే లేదు. నాకు అక్కర ఉన్నది.

ఇక్కడ ఎండలు తగ్గలేదు. మిషన్ల గదిలో నీళ్లు చల్లిస్తున్నాం. మూడో మిషనులో పిల్లలు ఈసారీ తక్కువే దిగినాయి. వంద గుడ్లకు అరవై రెండు. రైతులు మొహం మీద అనరు కానీ తెలుస్తుంది.

దుర్గాబాయి

*

పూణె,
30 జూన్ 2003.

అత్తమ్మకు,

నేనేం తప్పు రాశానో తెలియలేదు. చొక్కాలు పంచమన్నది మీరే. గుర్తు చేసుకోండి. "బీరువా తెరిస్తే వాడి వాసనొస్తాంది బిడ్డా, నేను బతకలేను" అన్నారు. అందుకే పంచాను. ఒకటి నా దగ్గరే ఉంది. ఇప్పటి వరకు మీకు చెప్పలేదు.

పూణె ఉద్యోగానికి పొమ్మన్నదీ మీరే. మర్చిపోవడానికి వచ్చాననుకుంటున్నారా? ఇక్కడ రోజుకో పది సర్వర్లు విప్పుతాను. ప్రతి దానిలోనూ స్క్రూ బిగించిన చెయ్యి ఎవరిదో అనుకుంటాను.

డిస్కులకు డబ్బు పంపేశాను. హాచరీ నిలబడాలి. ఆయన పెట్టింది మిగలాలంటే ముందు అది నడవాలి.

సుచిత్ర

*

పూణె,
14 జూలై 2003.

అత్తమ్మకు,

కోపం తర్వాత. ముందు ఇది చదవండి.

విశ్వతేజ ఫోను చేశాడు. పదో తారీఖున పెట్టె విప్పితే చీటీల డిస్కు లేదట. నాలుగు స్క్రూలు తీసి, తీగలు పద్ధతిగా పక్కకు పెట్టి ఎవరో తీసుకుపోయారు. రోజువారీ రాతల డిస్కు ముట్టుకోలేదు కాబట్టి కొత్తవి బిగించి పని నడిపించాడు. మీట నొక్కగానే లెక్క వస్తోందట, సంతోషం.

కానీ ఆ డిస్కులో ప్రతి రైతు పేరూ ఉంది. ఎవరికి ఏ గుడ్లు, ఎన్ని పిల్లలు, అన్నీ ఉన్నాయి. మేడ్చల్ వాళ్ల చేతిలో పడితే మన రైతులు వాళ్ల ముందర ఉన్నట్టే. ఆఫీసు తాళం బాలరాజు దగ్గరే ఉంటుంది. మిషన్ల పని చూసేవాడే అయినా స్క్రూడ్రైవరు పట్టడం వచ్చినవాడూ అతనే. పోయిన నెల మేడ్చల్ వాళ్లు అతన్ని పిలిచారని మీరే ఫోనులో అన్నారు. నెమ్మదిగా అడగండి. చెప్పకపోతే స్టేషనులో కాగితం ఇద్దాం.

రెండు రోజుల నుంచి మన ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ఎందుకు?

సుచిత్ర

*

దేవరయాంజాల్,
20 జూలై 2003.

బిడ్డా,

బాలరాజును ఒక్క మాట అనకు. ఎల్లేష్ పోయిన రోజు నుంచి జీతం పెంచమని కూడా అడగనివాడు. డిస్కు తీయించింది నేను. వాడు స్క్రూలు విప్పాడు, అంతే. "పెద్దమ్మా, గిది దొంగతనమైతదేమో" అన్నాడు. "నా ఇంట్ల నేను దొంగతనం జేస్తనారా" అన్నాను.

ఫోను సంగతి. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, కేబులు తెంపారు. నీకు మోగుతున్నట్టు వినిపిస్తుందేమో, ఇక్కడ అది మూగది. విశ్వతేజ కూడా చెల్లె పెండ్లికని గుంటూరు పోయాడు.

డిస్కు భద్రంగా ఉన్నది. తొమ్మిదో తారీఖు నుంచి గుడ్ల చల్లగదిలో పెట్టాను. మందుల ప్లాస్టిక్ కవరులో పెట్టి, మూతి గట్టిగా ముడి వేసి, గుడ్ల ట్రేలో పడుకోబెట్టాను. నీకు తెలుసు కదా, గుడ్డును మిషనులో పెట్టేదాకా చల్లగదిలోనే ఉంచుతాం. అందులో ప్రాణం నిద్రపోతుంది కానీ పోదు. ముప్పై ఏండ్ల నుంచి నాకు తెలిసిన దాచుకునే చోటు అదొక్కటే బిడ్డా. ఇంకెక్కడ పెట్టాలి?

ఎందుకు తీశానో కూడా రాస్తాను. ఇగ దాచేదేమీ లేదు.

చీటీ వెనుక వైపు ఉన్నది వాడి రాత. గుడ్లు మిషనులో పెట్టేటప్పుడు తలుపుకు కట్టే చీటీ ముందర అంకెలు బాలరాజు రాస్తాడు. వెనకాల పెన్సిలుతో రెండు ముక్కలు ఎల్లేష్ రాసేవాడు. పిల్లలు దిగినాక చీటీని బొచ్చుతో పాటు కాల్చేస్తాం, రోగం అంటుతుందని. కాల్చే ముందు వాడు రెండు వైపులా స్కానరు మీద పెట్టేవాడు. కాయితాలన్నీ బూడిదైనాయి. వాడి చేతిరాత ఈ లోకంలో ఆ డిస్కులోనే ఉన్నది. నువ్వు దాన్ని తీసెయ్యమన్నావు.

ఇంకొకటి. వాడు పోయిన పొద్దున మూడో మిషను కింది అరలో గుడ్డు తీసి నా కంటిరెప్పకు ఆనించుకున్నాను. మీ మామ నేర్పిన పని. రెప్పకు తెలిసినట్టు వేలికి తెలియదు. "ఎల్లేష్, కింద ఎక్కువ కాగుతాందిరా" అన్నాను. "థర్మామీటర్ మంచిగనే చూపిస్తాందే. నీ కన్ను కంపెనీ సరుకా?" అన్నాడు. నాకు రోషం వచ్చింది. "నీకు తల్లి మాట ఎన్నడు చెవికెక్కింది?" అన్నాను. గంట తర్వాత బండి మీద మేడ్చల్ బయలుదేరాడు. వెళ్లొస్తా అంటే నేను పలకలేదు. లారీ సంగతి నీకు తెలుసు.

ఆనాటి నుంచి నేను గుడ్డును కంటికి ఆనించలేదు. మూడో మిషను ఊసెత్తలేదు.

దుర్గాబాయి

*

పూణె,
25 జూలై 2003.

అత్తమ్మా,

స్పీడు పోస్టులో పంపుతున్నాను. అందగానే చదవండి. డిస్కును చల్లగది నుంచి బయటికి తియ్యకండి! ఆ గదిలో తేమ ఎక్కువ. చల్లటి డిస్కును ఒక్కసారిగా ఎండలోకి తెస్తే చెమట పడుతుంది. ఆ తడితో కరెంటు పెట్టారంటే లోపల ఉన్నది మళ్లీ రాదు. ఎవరికీ ఇవ్వకండి. విశ్వతేజ గుంటూరు నుంచి వచ్చినా సరే, నేను చెప్పేదాకా ముట్టుకోనివ్వకండి.

వెనుక వైపులు ఖాళీ కాయితాలనుకున్నాను అత్తమ్మా. "బ్యాక్ సైడ్స్ వేస్ట్ మేడమ్" అంటే సరే అన్నాను. ఆయన వెనకాల రాస్తారని నాకు తెలియదు. నేను మిషన్ల గదిలోకి వచ్చిందే తక్కువ, ఆ వాసన నాకు పడదని ఆయన రానిచ్చేవాళ్లు కాదు. తెలిస్తే నా పేరు తీసెయ్యమనేదాన్ని కానీ అది తియ్యమంటానా?

బాలరాజును అనుమానించాను. ఆ మాట అతనికి చెప్పకండి. చెప్పాల్సింది నేను.

సుచిత్ర

*

దేవరయాంజాల్,
31 జూలై 2003.

బిడ్డా సుచిత్రా,

నీ స్పీడు పోస్టు ఇరవై తొమ్మిదిన వచ్చింది. నీకంతా రాసినాక ఇగ దాచేదెందుకని డిస్కును ఇరవై ఏడుననే బయటికి తీశాను. తిట్టకు, పూర్తిగా చదువు.

గుడ్లకు చెమట పట్టే సంగతి నువ్వా నాకు చెప్పేది! చల్లగది గుడ్డును తెచ్చి తిన్నగా మిషనులో పెడితే పెంకు మీద నీళ్లు దిగుతాయి, ఆ నీళ్లతో రోగం లోపలికి పోతుంది. ఆ సోయి లేకనే మొదటి ఏడు మీ మామా నేనూ వెయ్యి గుడ్లు పాడు చేసుకున్నాం. అప్పటి నుంచి మధ్య గదిలో ఫ్యాను కింద ఒక పూట ఉంచిన తర్వాతే ఏదైనా కదిలేది. డిస్కునూ అట్లనే తీశాను. కవరు ముడి విప్పకుండా మధ్య గదిలో పొద్దటి నుంచి సాయంత్రం దాకా, తర్వాత ఆఫీసులో రెండు రోజులు. ముడి విప్పినప్పుడు చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉన్నది. ఎందుకైనా మంచిదని రెప్పకు ఆనించి చూశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఎనిమిది నెలల తర్వాత కంటికి ఏదైనా ఆనించడం ఇదే.

నీ ఉత్తరం అందిన రోజే విశ్వతేజ కూడా వచ్చాడు. ముట్టుకోనివ్వొద్దని నువ్వు రాశావు. నీ ఉత్తరమే వాడి చేతికిచ్చి చదివించాను. "గుడ్ల గదిలోనా ఆంటీ!" అన్నాడు. "మీ కోడలు గారు రాసిందంతా కరెక్టేనండి. కానీ మీరు చేసింది కూడా అదే" అన్నాడు. ఇంకో రోజు ఆగి, నిన్న తీగ పెట్టాడు. తిరిగింది బిడ్డా. గురగురమని చప్పుడు కూడా విన్నాను. రోజారాణి చప్పట్లు కొట్టింది. బాలరాజు బయటికి పోయి మొహం కడుక్కున్నాడు.

ఇగ డిస్కుల సంగతి. నిన్ను అడగకుండా ఒక పని చేశాను. అయిదువేలు పెట్టి ఆ నిదానం డిస్కు కూడా కొన్నాను. నువ్వు ఒక్క రకమే ఉండాలన్నట్టు రాశావు. ఎందుకుండాలి? మన దగ్గర గుడ్డు పద్దెనిమిది రోజులు ఒక మిషనులో ఉంటుంది, చివరి మూడు రోజులు ఇంకో మిషనులోకి పోతుంది. రెండు మిషన్ల వేడి వేరు, పని వేరు. రెండింటినీ ఒక్కటే చేస్తే పిల్ల దిగదు. పొద్దున రైతులు అడిగేది జోరు డిస్కులు చెప్పాలి. చీటీలు ఎవరూ తొందరపెట్టి అడగరు. నేనొక్కదాన్ని అడుగుతాను. నేను ఆగుతాను.

ఇది చెప్తే విశ్వతేజ, "ఆంటీ, ఇది నేను కదా చెప్పాల్సింది!" అన్నాడు. "నువ్వు వేస్టు అన్నవ్ కదయ్యా" అన్నాను. అన్నం పెట్టి పంపాను.

అన్నీ అందులోకి ఎక్కించి, వెనుక వైపులు చిన్నవి చేసి నీకోసం సీడీ కూడా చేశాడు. ఈ ఉత్తరంతో వస్తుంది. నీ కండ్లు మంచివి. ఆ పెన్సిలు రాత చదివి ఏమున్నదో నాకు రాయి. నా మీద కోపమున్నా రాయి.

నీ అత్తమ్మ
దుర్గాబాయి

*

పూణె,
10 ఆగస్టు 2003.

అత్తమ్మా,

సీడీ వచ్చి నాలుగు రోజులైంది. ఆఫీసు అయ్యాక కూర్చొని అన్నీ చదివాను. ఎంత పెద్దవి చేసి చూసినా కొన్ని మసకగానే ఉన్నాయి. చాలావరకు చదవగలిగాను.

ఆయన మాటలుంటాయనుకున్నాను. అవి ఆయన మాటలు కావు. మీవి.

ప్రతి చీటీ ఒకే తీరున మొదలవుతుంది. కొన్ని రాస్తున్నాను, ఉన్నది ఉన్నట్టు.

"అమ్మ మాట: పెద్ద గుడ్లు మీది అరల పెట్టొద్దు. చూడాలె." తర్వాతి చీటీ మీద, "చూసిన. నిజమే."

"అమ్మ మాట: వాన రోజు నీళ్లు తక్కువ చల్లాలె. చూడాలె." తర్వాత, "చూసిన. నిజమే. వందకు ఎనభై ఎనిమిది."

"అమ్మ మాట: సుచిత్రకు ఈ వాసన పడతలేదు, లోపలికి తీస్కరాకు. చూసేదేం లేదు, నిజమే." నన్ను లోపలికి రానివ్వనిది మీరని నాకు తెలియదు.

"అమ్మ మాట: రాత్రి కరెంట్ పోతే తలుపు తియ్యొద్దు. చూసిన. ఈసారి తప్పు, తియ్యాల్సి ఉండె. అమ్మకు చెప్పను, తిడ్తది."

అయిదేండ్ల చీటీలు. మిషన్ల సంగతి మీరు అన్న మాట ఒక్కటీ పోనివ్వలేదు. మీ ముందర నవ్వి, లోపలికి పోయి రాసుకున్నారు.

చివరి చీటీ ఆఖరుకు ఉంచుకున్నాను. చదవాలంటే భయం వేసింది. నవంబరు ఇరవై ఒకటో తారీఖుది. మీరు రాసిన ఆ పొద్దునదే. పిల్లలు దిగేదాకా ఆగకుండా, మేడ్చల్ బయలుదేరే ముందే స్కానరు మీద పెట్టి ఉంటారు. దానిలో ఇట్లా ఉంది:

"అమ్మ మాట: మూడో మిషన్ కింద కాగుతాంది. చూసిన. థర్మామీటర్ మీది అరల ఉంది, వేడి కింది అరల ఉంది. ఫ్యాన్ బెల్ట్ వదులైంది. అమ్మ కన్నే కరెక్ట్. మేడ్చల్ల బెల్ట్ తేవాలె. సాయంత్రం ఒప్పుకోవాలె."

అత్తమ్మా, ఆయన వెళ్లింది బెల్టు కోసం. మీరు పలకలేదని నొచ్చుకొని కాదు. మీ మాట చెవికెక్కించుకునే వెళ్లారు.

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మీ మాట కోసం వెళ్లి పోయారని మీరు ఇంకో రకంగా ఏడుస్తారేమోనని. కానీ ఒప్పుకోవాలని రాసుకున్నది మీకు అందాలి. అది మీదే.

బాలరాజు అన్నకు విడిగా ఉత్తరం రాశాను.

మీ సుచిత్ర

*

దేవరయాంజాల్,
17 ఆగస్టు 2003, ఆదివారం.

బిడ్డా సుచిత్రా,

నీ ఉత్తరం గురువారం అందింది. రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. ఏడవలేదని రాస్తే అబద్ధమైతది. కానీ ఈ ఏడుపు వేరే తీరుగ ఉన్నది. ఏడ్చిన తర్వాత ఆకలైంది. మస్తు రోజులైంది నాకట్ల ఆకలయ్యి.

నిన్న పొద్దున మూడో మిషను విప్పించాను. బాలరాజు లోపల చెయ్యి పెట్టి, "పెద్దమ్మా, బెల్ట్ ఊయల లెక్క ఊగుతాంది!" అన్నాడు. తొమ్మిది నెలలు దాన్ని అట్లనే నడిపినం. వాడు రాసి పెట్టిపోయిండు, చదివే దిక్కు లేకపాయె. కొత్త బెల్టుకు బాలరాజు మేడ్చల్ పోతానన్నాడు. వద్దందామనుకున్నాను. అయినా పొమ్మన్నాను. వెళ్లొస్తా అన్నాడు. "పోయి రా బిడ్డా, నిమ్మళంగ రా" అని గేటు దాకా పోయి చెప్పాను. గంటన్నరలో వచ్చాడు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకొని తిరుగుతున్నాడు. ఏం రాశావో చూపించలేదు, నేను అడగలేదు.

వీరయ్య కూడా వచ్చాడు. రోజారాణి మీట నొక్కగానే తారీఖు చెప్పేసింది. "ఏంది అక్కా, గిట్లయితే ఛాయ్ గూడ తాగనియ్యరా?" అని అలిగాడు. ఛాయ్ పోయించాను. ఈసారి రెండువేల పిల్లలు అడిగి పోయాడు.

ఇయ్యాల మూడో మిషనులో గుడ్లు పెట్టాం. పెట్టే ముందు ఒకటి కంటిరెప్పకు ఆనించుకున్నాను. వచ్చే నెల ఏడో తారీఖు పిల్లలు దిగుతాయి, ఆదివారమే. సెలవు దొరికితే రా. వాసన ఉంటది మరి, ముక్కుకు గుడ్డ కట్టుకో. ఎల్లేష్ కుర్చీ తుడిపించి పెట్టాను, నువ్వు వస్తే కూర్చోవడానికి. తర్వాత మళ్లీ నీ పూణె నువ్వు పోదువు గానీ.

మిషను తలుపుకు కట్టిన చీటీకి ముందర బాలరాజు అంకెలు వేశాడు. వెనకాల ఇన్ని రోజులు ఖాళీగానే ఉంటున్నది. ఈసారి పెన్సిలు నేను పట్టాను. రాత వంకరగా వచ్చింది, కానీ పెద్దక్షరాలు రాశాను, నా కండ్లకు ఆనాలని. నువ్వు వచ్చి చదివేదాకా ఎందుకు, ఇక్కడే రాస్తాను:

"కొడుకు మాట: మూడో మిషన్ బెల్ట్ మార్చాలె. మార్చిన. నిజమే."

పిల్లలు దిగినాక రెండు వైపులా స్కాన్ చేయమని రోజారాణికి చెప్పి పెట్టాను.

నీ అత్తమ్మ
దుర్గాబాయి